చూసిన మేలు, చెప్పిన సాక్ష్యం

తన జీవితంలో జరిగిన ఒక మేలును చూసి, ఇది దేవుడు చేసిందేనని నలుగురిలో ఒప్పుకున్నప్పుడు క్రైస్తవుడు దాన్ని అద్భుతం అంటాడు. ఇందులో గుర్తుపట్టడం ఒక పని, ఒప్పుకోవడం మరో పని. లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడతారు. బాగైన సంగతి పదిమందికీ తెలుసు. వెనక్కి తిరిగివచ్చి యేసు పాదాల దగ్గర పడి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే. అతడూ సమరయుడు, యూదులు తమవాడిగా లెక్కపెట్టని మనిషి. మిగిలిన తొమ్మిదిమంది ఏరని యేసు అడుగుతాడు. వాళ్లు పొందిన స్వస్థత ఈ ఒక్కడు పొందినదానికంటే తక్కువేమీ కాదు. అయినా దాన్ని చేసినవాడి దగ్గరికి వాళ్లు తిరిగి రాలేదు. దైనందిన జీవితంలోని అద్భుతాల గురించి సంఘం చెప్పే బోధంతా ఈ తిరిగిరావడం చుట్టూనే నడుస్తుంది.

ఏది అద్భుతం, ఏది కాదు అన్నదానిపై వేదాంతులు ఒకే మాట చెప్పలేదు. 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ గట్టి గిరి గీశాడు. సృష్టిలోని ఏ శక్తికీ సాధ్యం కాక దేవుడొక్కడే చేయగలిగినదే ఆయన లెక్కలో అద్భుతం. ఆయనకంటే ఎంతో ముందు, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి బిషప్‌గా ఉన్న అగస్టీన్ (354-430) మరోవైపు నుంచి చూశాడు. ఐదు రొట్టెలతో ఐదువేలమంది తిన్నారంటే జనం నోరు తెరుస్తారు, పిడికెడు విత్తనం ఏటేటా పొలం నిండా పంటవుతుంటే మాత్రం ఎవరూ తలెత్తి చూడరు, రోజూ జరిగేది కాబట్టి అలవాటైపోయింది అని ఆయన బోధించాడు. రెండుచోట్లా పనిచేసింది ఒకే దేవుడన్నది ఆయన వాదన. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి గింజలు పెట్టి, మబ్బులకేసి చూస్తూ రోజులు లెక్కపెట్టే రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ రెండు చూపులూ క్రైస్తవుడికి అవసరమే. అక్వినాస్ పట్టుదల లేకపోతే బస్సు దొరకడం నుంచి తలనొప్పి తగ్గడం దాకా అన్నీ అద్భుతాలే అయిపోయి మాటకు బరువు పోతుంది. అగస్టీన్ కన్ను లేకపోతే, కళ్లు చెదిరే స్వస్థత ఒకటి జరిగేదాకా దేవుడు ఊరకే కూర్చున్నాడని అనిపిస్తుంది. ఇప్పటి సంఘాల్లో రెండో పొరపాటే ఎక్కువ నష్టం చేస్తోంది. పెద్ద సభల్లో, టీవీ కార్యక్రమాల్లో చూపించే స్వస్థతలకు అలవాటుపడిన విశ్వాసికి తన ఇంట్లో ఏళ్లుగా జరుగుతున్న మేళ్లు కనిపించడం మానేస్తాయి.

ఆ మేళ్లు ఇంకా కనిపించేది చిన్న ఊరి సంఘాల్లో. ఉదాహరణకు బోథ్, ఆదిలాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 44వ నంబరు జాతీయ రహదారి వదిలి లోపలికి వెళ్లాలి. చుట్టుపక్కల గోండు గూడేలు, లంబాడీ తండాలు, తెలుగుతో పాటు మరాఠీ, గోండి వినిపించే ఊళ్లు. పత్తి, సోయా, జొన్న ప్రధాన పంటలు. ఈ ప్రాంతంలో క్రైస్తవులు కొద్దిమందే. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తంలోనే నూటికి ఇద్దరు లేరు. ఇలాంటి చోట సంఘమంటే కొన్ని కుటుంబాలే. ఆదివారం ఆరాధనలో ఒకరు లేచి సాక్ష్యం చెబితే, వింటున్నవాళ్లకు ఆ మనిషి ఇల్లు తెలుసు, అప్పు తెలుసు, జబ్బు తెలుసు, ఆసుపత్రికి ఎవరి బండి మీద పోయారో కూడా తెలుసు. నగరంలోని పెద్ద మైదానంలో మైకు పట్టుకున్న అపరిచితుడి మాటను సరిచూసే దారి ఉండదు. ఊరి సంఘంలో అబద్ధం ఆ పూటే బయటపడుతుంది. చిన్న సంఘానికున్న ఈ బలాన్ని క్రైస్తవులే సరిగా గుర్తించలేదు.

ఊళ్లలో వినిపించే సాక్ష్యాల్లో అంధుడికి చూపు వచ్చినవి అరుదు. వానకాలంలో వాగులు పొంగితే ఏజెన్సీ గూడేలకు దారి తెగిపోతుంది. నొప్పులు వస్తున్న మనిషిని మంచం మీద మోసుకుని, వాగు దాటించి, అంబులెన్సు ఆగినచోటికి చేర్చిన ఇంట్లో తల్లీబిడ్డా క్షేమంగా తిరిగి వస్తే అది సాక్ష్యం. పాము కాటు తిన్నవాడికి సమయానికి ఇంజక్షను అందితే, బోరులో నీళ్లు పడితే, ఏళ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఒకే బంతిలో కూర్చుని తింటే అదీ సాక్ష్యమే. తాగుడు మానిన భర్త గురించి భార్య చెప్పే సాక్ష్యానికి సంఘాల్లో ప్రత్యేకమైన గౌరవం ఉంది, ఉండాలి కూడా. నొప్పి తగ్గిందని ఎవరైనా చెప్పవచ్చు. తాగుడు మానినవాడు మానాడో లేదో రోజూ సాయంత్రం ఇంట్లో తేలిపోతుంది, వీధంతా చూస్తుంది.

సాక్ష్యానికి ఏడాది పొడవునా చోట్లున్నాయి. ఆదివారం ఆరాధనలో కొద్దిసేపు, వారం మధ్యలో ఇంటి కూటాల్లో, ఉపవాస ప్రార్థనల్లో విశ్వాసులు లేచి తమకు జరిగిన మేలు చెబుతారు. దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు అని మొదలుపెట్టడం రివాజు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు, కొత్త ఇంట్లో చేరినప్పుడు, బిడ్డ మొదటి పుట్టినరోజుకు కృతజ్ఞత కూడిక పెట్టి, పాస్టరయ్యను, ఇరుగుపొరుగును పిలిచి భోజనం పెడతారు. ఈ కూడికలకు క్రైస్తవులు కాని చుట్టాలు, పొరుగువాళ్లు కూడా వస్తారు కాబట్టి సాక్ష్యం గుడి గోడలు దాటేది ఇక్కడే. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో ఏడాది మేళ్లన్నీ తలుచుకుంటారు.

వీటన్నిటిలో కోత పండుగది వేరే స్థానం. పంట చేతికొచ్చాక మొదటి ఫలం తెచ్చి గుడిలో అర్పిస్తారు. జొన్న కంకులు, పత్తి, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, ఇంట్లో వండిన పిండివంటలు బల్ల ముందు పోగవుతాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పాడి, వచ్చిన సొమ్మును సంఘం పనులకు వాడతారు. విత్తనం మొలకెత్తి పంటగా రావడం దేవుని అద్భుతమని అగస్టీన్ ప్రసంగంలో చెప్పినదాన్ని ఊరి సంఘం ఏటా ఒకరోజు చేతులతో మోసుకొచ్చి చూపిస్తుంది. దిగుబడి తగ్గిన ఏడాది కూడా పండుగ ఆగదు. ఆ ఏడు తెచ్చిన చిన్న మూటలోనే ఎక్కువ విశ్వాసం ఉంటుంది.

ఇలా గుర్తుపెట్టుకునే అలవాటు బైబిలు నుంచే వచ్చింది. యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక, నది మధ్యనుంచి తీసిన 12 రాళ్లను గిల్గాలులో నిలబెడతారు. ఈ రాళ్లేమిటని రేపు పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి, అందుకే ఆ రాళ్లు. సమూయేలు నిలిపిన ఎబెనేజరు రాయి కూడా అలాంటిదే. తెలుగునాట ఎన్నో ఇళ్లకు, ప్రార్థనా మందిరాలకు ఆ పేరు కనిపిస్తుంది. మేలు జరిగిన తరం మాట్లాడకుండా పోతే తరవాతి తరానికి రాళ్లే మిగులుతాయి, కథ మిగలదు.

మెదక్ చర్చి తెలంగాణ క్రైస్తవుల జ్ఞాపకంలో అలాంటి రాయి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువుకాలంలో చుట్టుపక్కల ఊళ్ల జనం ఇక్కడ కూలిపని చేసి కడుపు నింపుకున్నారు. వేలమందికి అన్నం పెట్టిన కట్టడంగానే దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రిస్మస్‌కు మెదక్ వెళ్లే లక్షలమందిలో క్రైస్తవులు కానివాళ్లు కూడా చాలామంది. ఆకాశం నుంచి మన్నా కురవలేదు. ఒక మిషనరీ పూనిక, దాతల సొమ్ము, రాళ్లు కొట్టిన కూలీల చేతులు కలిసి అన్నం అయ్యాయి. ఆ అన్నం తిన్నవాళ్లు దేవుడు పెట్టాడన్నారు. రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పడానికి రెండోదాన్ని దాచాల్సిన పని లేదు.

మంచి సాక్ష్యానికి ఇదే గీటురాయి. దేవుడు ఏ చేతుల్ని వాడుకున్నాడో ఆ చేతుల పేరు చెప్పే సాక్ష్యం నమ్మదగినది. వాగు దాటించినవాళ్లు, రక్తం ఇచ్చినవాళ్లు, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, ఫీజు కట్టిన మేనమామ, వీళ్లందరినీ పక్కకు నెట్టి దేవుడే చేశాడంటే దేవునికి మహిమ పెరగదు, మనుషులకు కృతజ్ఞత చెప్పడం ఎగ్గొట్టినట్టవుతుంది. బోథ్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, ఈ సంగతి చరిత్రగా కనిపిస్తుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పారు. దానికి పెద్ద విరాళం ఇచ్చిన రాజా నర్సా గౌడ్ హిందువు. చికిత్స చాల్‌ముగ్రా నూనె ఇంజక్షన్లు, అప్పటి వైద్యశాస్త్రం ఇవ్వగలిగినంతలో మేలైనది. ఊరు వెలివేసిన మనుషులకు అక్కడ పని, తోట, గుడి దొరికాయి. సువార్తలో యేసు కుష్ఠురోగిని చేత్తో తాకాడు. డిచ్‌పల్లిలో ఆ తాకడం ఒక హిందూ దాత సొమ్ముతో, ఒక వైద్యురాలి సూదితో జరిగింది.

జరిగింది నిజంగా జరిగిందా అని పరీక్షించడం అవిశ్వాసం కిందికి రాదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు తాను బాగుచేసిన కుష్ఠురోగిని వెళ్లి యాజకుడికి కనబరచుకోమని పంపుతాడు. రోగం పోయిందో లేదో చూసి నిర్ధారించే అధికారం ఆ రోజుల్లో యాజకుడిది. స్వస్థపరిచినవాడే పరీక్షకు పంపాడంటే, పరీక్షను చూసి సంఘం భయపడాల్సింది ఏముంది?

కతోలిక సంఘం ఈ పరీక్షను ఒక పద్ధతిగా మార్చింది. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో మరియమాత దర్శనాలు జరిగాయని నమ్మే చోట 1883 నుంచి వైద్యుల కార్యాలయం ఉంది. అక్కడ బాగుపడ్డామని 7,000 మందికి పైగా చెప్పుకుంటే, ఏళ్ల తరబడి పరిశీలించి సంఘం అద్భుతంగా ప్రకటించినవి 70 పైచిలుకు మాత్రమే. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, నయం కావడం హఠాత్తుగా, పూర్తిగా జరగాలి, తిరగబెట్టకూడదు, చికిత్స వల్ల అయిందని వివరించడానికి వీలుండకూడదు. మిగిలిన వేలమంది అబద్ధమాడారని ఎవరూ అనలేదు. వాళ్లు దేవునికి కృతజ్ఞత చెప్పవచ్చు. సంఘం మాత్రం తన ముద్ర వేయదు. విజయవాడ గుణదల కొండమీద 1924లో మరియమాత స్వరూపం నెలకొల్పినప్పటి నుంచి, లూర్దుమాత పండుగైన ఫిబ్రవరి 11కు తెలుగు రాష్ట్రాల నుంచి లక్షల జనం వస్తారు. మొక్కు తీర్చుకుని, తలనీలాలు ఇచ్చి వెళ్లేవాళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక సంగతి ఉంటుంది. వాటిలో చాలావరకు ఏ పుస్తకంలోకీ ఎక్కవు.

ప్రొటెస్టెంట్లకు అలాంటి కార్యాలయం లేదు. ఉన్నది కాపరి వివేకం, సంఘ పెద్దల ఓపిక. ఆ ఓపికకు తెలుగు క్రైస్తవ చరిత్రలో ఒంగోలు గొప్ప నిదర్శనం. 1876-78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని కల్పించాడు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం జరుగుతున్నంతకాలం ఆయన ఇవ్వలేదు. సాయం ఆగిపోయాకా వాళ్లు వచ్చి నిలబడ్డారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను క్రైస్తవులు అద్భుతంగా చెప్పుకుంటారు. కానీ ఆ సంఖ్యకు విలువ తెచ్చింది అంతకుముందు క్లౌ ఆగిన నెలలు. లాభం ఉన్నంతసేపు చెప్పిన మాటను పక్కన పెట్టి, లాభం పోయాక కూడా నిలిచిన మాటను ఆయన లెక్కలోకి తీసుకున్నాడు.

జబ్బుల విషయంలో ఈ ఓపిక ప్రాణాలు కాపాడుతుంది. టీబీ మందులు మామూలుగా ఆరునెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒంట్లోకి బలం వస్తుంది. అప్పుడే స్వస్థత సాక్ష్యం చెప్పించి మాత్రలు మాన్పిస్తే, జబ్బు మందులకు లొంగని రూపంలో తిరగబెట్టవచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు. మూర్ఛ, షుగరు, బీపీ, హెచ్‌ఐవీ మాత్రలు కూడా డాక్టరు చెప్పకుండా ఆపేవి కావు. మందు మానేయడమే విశ్వాసానికి రుజువని బోధించేవాళ్లకు బైబిల్లో ఆధారం లేదు. యాకోబు పత్రిక సంఘ పెద్దల్ని పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించుకోమంటుంది, వైద్యుణ్ణి వదిలేయమని ఎక్కడా అనదు. దేశ చట్టం కూడా ఈ విషయంలో మాట్లాడింది. మహిమగల వస్తువులతో, మంత్రాలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది. ఏ మతం పేరుతో చేసినా అది వర్తిస్తుంది. ప్రార్థనకు రుసుము, సీసాలో నూనెకు ధర పెట్టినచోట విశ్వాసి లేచి బయటికి రావడమే మంచిది. అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బుతో కొనబోయిన సీమోనును పేతురు గట్టిగా గద్దించాడు.

ప్రార్థించినా బాగుకానివాళ్ల సంగతి సాక్ష్యాల వేళ ఎవరూ ఎత్తరు. కొత్త నిబంధన మాత్రం దాచలేదు. పౌలు చేతుల మీదుగా ఎన్నో స్వస్థతలు జరిగాయి. అతనే తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. తన తోటి సేవకుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్లాడు. తిమోతి కడుపునొప్పికి కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. వీళ్లెవరికీ విశ్వాసం చాలలేదని ఆ పత్రికల్లో ఒక్క అక్షరం కూడా లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో నీ విశ్వాసం సరిపోలేదమ్మా అనడం క్రూరత్వం. యోబు స్నేహితులు అలాంటి మాటలే మాట్లాడి దేవుని కోపానికి గురయ్యారు. ఏళ్లుగా మంచంలో ఉన్న మనిషి ఆదివారం సంఘంలో లేచి, జబ్బు అలాగే ఉంది, నేను విశ్వాసంలో నిలిచే ఉన్నాను అని చెప్పగలిగితే, దానికీ సాక్ష్యాల సమయంలో చోటివ్వాలి. అలాంటి మాటకు చోటులేని సంఘంలో మిగతా సాక్ష్యాలు కూడా క్రమంగా అరువు తెచ్చుకున్న మాటలవుతాయి.

చెప్పినదాన్ని రాసిపెట్టే అలవాటు తెలుగు సంఘాల్లో బలహీనం. బాప్తిస్మాలకు, పెళ్లిళ్లకు, సమాధులకు రిజిస్టర్లు ఉంటాయి, మేళ్లకు ఉండవు. మొదట్లో అగస్టీన్‌కు కూడా ఇదే బాధ. కార్తేజులో ఇన్నొసెంతియా అనే పెద్దింటి ఆడమనిషికి రొమ్ము క్యాన్సర్ నయమైంది. ఆ సంగతి ఆమె దగ్గరి స్నేహితురాళ్లకే తెలియదని విని ఆయన ఆమెను మందలించి, వాళ్ల ముందు జరిగినదంతా మొదటినుంచి చెప్పించాడు. తన పట్టణం హిప్పోలో మాత్రం బాగుపడ్డవాళ్ల వాంగ్మూలాలు రాయించి, ఆరాధనలో జనం ముందు చదివించే ఏర్పాటు చేశాడు. దైవనగరం గ్రంథం 22వ భాగంలో ఆయన లెక్క చెప్పాడు: రెండేళ్లు నిండకుండానే దాదాపు 70 పత్రాలు చేరాయి.

ఊరి సంఘానికి ఇందుకు ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, జరిగిన మేలు, డాక్టరు చెప్పిన జబ్బు పేరు, వాడిన మందు, సాయపడినవాళ్లు, చూసిన ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. చదువురాని పెద్దమ్మ చెబుతుంటే, ఆమె మాటను దిద్దకుండా, పెంచకుండా పిల్లలెవరైనా రాయవచ్చు. బయటికి చెప్పుకోవడానికి ఇష్టపడని జబ్బుల సంగతి ఆ మనిషి అనుమతి లేకుండా రాయకూడదు. ఏడాది తిరిగాక ఆ ఇంటికి మళ్లీ వెళ్లి ఎలా ఉన్నారో అడిగి, అదే పేజీలో కింద రాయాలి. నిలిచిన మేళ్లను కోత పండుగనాడు సంఘంలో చదవవచ్చు. జబ్బు తిరగబెట్టినవాళ్ల పేర్లు ఆ వారం ప్రార్థనల జాబితాలో చేర్చి, పెద్దలు వాళ్లను మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోవాలి.